భూమి హక్కుల దానం: ఆరేళ్లు వృథా చేసిన నోటీసు

అమెరికాలో కన్సర్వేషన్ ఈజ్‌మెంట్లపై పన్ను మినహాయింపు వివాదం మళ్లీ రాజుకుంది. మన దగ్గర ఈజ్‌మెంట్ అంటే పక్క పొలంలోంచి నడిచే దారి హక్కు. అక్కడ యజమాని భూమిని తన దగ్గరే ఉంచుకుని, అందులో ప్లాట్లు వేసే హక్కునో గని తవ్వే హక్కునో ల్యాండ్ ట్రస్టుకు (భూముల్ని సంరక్షించే లాభాపేక్షలేని సంస్థకు) గానీ ప్రభుత్వ సంస్థకు గానీ శాశ్వతంగా వదులుకుంటాడు. దానివల్ల తగ్గిన విలువను దానంగా లెక్కగట్టి, పన్ను వేసే ఆదాయంలోంచి మినహాయిస్తారు. ఈ మినహాయింపునిచ్చే 1980 నాటి పన్ను చట్టం సెక్షన్ 170(హెచ్) పుట్టుపూర్వోత్తరాలు చాలామంది రాసినవే కనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

ఈ మినహాయింపు ఎవరికోసమో తెలియాలంటే 2006 సవరణ చూడాలి. ఏటా 50,000 డాలర్ల ఆదాయం ఉన్న రైతు 4 లక్షల డాలర్ల విలువైన హక్కు వదులుకున్నాడనుకుందాం. అంతకుముందు ఏడాదికి ఆదాయంలో 30 శాతం చొప్పున ఆరేళ్లలో 90,000 డాలర్లే మినహాయించుకునే వీలుండేది, మిగతాది పోయినట్టే. సవరణతో అర్హుడైన రైతు తన మొత్తం ఆదాయానికి, 16 ఏళ్లపాటు దీన్ని వర్తింపజేసుకోవచ్చు. 2015లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ దీన్ని శాశ్వతం చేసింది.

అదే తలుపులోంచి ప్రమోటర్లూ వచ్చారు. చవకగా కొన్న భూమిలో రిసార్టో క్వారీయో వస్తుందని ఊహించి విలువ కట్టించి, వాటాలు అమ్మి, ఆ హక్కును దానం చేయించి, వాటాదార్లకు పెట్టుబడికి ఎన్నో రెట్లు మినహాయింపు ఇప్పించారు. అప్పటి గరిష్ఠ పన్ను రేటు 39.6 శాతం. అంటే డాలరుకు రెండున్నర డాలర్ల మినహాయింపు దొరికితే పెట్టుబడి దాదాపు మొత్తం తిరిగొచ్చినట్టే.

నా దృష్టిలో అసలు మలుపు 2016 డిసెంబరు. రెండున్నర రెట్లు, ఆపైన మినహాయింపు ఆశ చూపే పథకాలను పన్ను శాఖ ఐఆర్ఎస్ నోటీసు 2017-10 ద్వారా అనుమానిత లావాదేవీలుగా ప్రకటించింది. ఉద్దేశం సరైనదే. కానీ ప్రజాభిప్రాయం కోరకుండానే దాన్ని జారీ చేసింది. కన్నాన్ని చట్టంతోనే మూయాలని ల్యాండ్ ట్రస్టుల సమాఖ్య మద్దతుతో 2017లోనే బిల్లు వచ్చినా అది ముందుకు కదల్లేదు. ఈలోగా ఐఆర్ఎస్ దస్తావేజుల్లోని మాటలు పట్టుకుని నిజమైన దాతలనూ కోర్టులకు లాగిందన్నది ట్రస్టుల బాధ, అందులో న్యాయముంది. అలబామాలో పశువులు మేపే ఒక భూమి కేసులో, శాఖ ఆధారపడిన 1986 నిబంధనే చెల్లదని 2021 డిసెంబరులో అప్పీలు కోర్టు చెప్పింది. ఆ నిబంధన చేసేటప్పుడు వచ్చిన అభ్యంతరానికి జవాబివ్వలేదన్నది కారణం. మరో అప్పీలు కోర్టు కొద్ది నెలలకే ఇందుకు విరుద్ధంగా తీర్పిచ్చింది. 2022 నవంబరులో పన్ను కోర్టు నోటీసు 2017-10ను సైతం పక్కన పెట్టింది. అక్కడా లోపం అదే: ఎవరి మాటా వినకపోవడం.

నెల తిరిగేసరికి, 2022 డిసెంబరు 29న, కాంగ్రెస్ మినహాయింపు పెట్టుబడికి రెండున్నర రెట్లు మించరాదన్న పరిమితిని చట్టం చేసింది. కుటుంబ భాగస్వామ్యాలకు, మూడేళ్లకు పైగా ఉంచుకున్న భూమికి దాన్నుంచి మినహాయింపు ఇచ్చింది. 2024 జనవరిలో జార్జియా రాష్ట్రంలో ఇద్దరు ప్రమోటర్లకు 25, 23 ఏళ్ల జైలుశిక్షలు పడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో, ఈసారి ప్రజాభిప్రాయం తీసుకున్నాకే, ఈ పథకాలను అనుమానిత లావాదేవీలుగా ప్రకటించే తుది నిబంధనలు వచ్చాయి.

అయితే ఆ పరిమితి 2022 డిసెంబరు 29 తర్వాతి దానాలకే వర్తిస్తుంది. అంతకుముందు చేసిన దానాల విషయంలో ఒక్కో భూమికీ అసలు విలువెంతో విడివిడిగా తేల్చాల్సిందే, ఇప్పటి తగాదా అంతా అక్కడే ఉంది. కోర్టు మినహాయింపు కాదన్నంత మాత్రాన నిజాయితీగా దస్తావేజు రాసిచ్చిన రైతుకు తాను వదులుకున్న హక్కు వెనక్కి రాదు.