రంధ్రం కనిపించని కాయలో గులాబీ రంగు పురుగు

పైకి నున్నగా, పచ్చగా ఉన్న పత్తి కాయను కోసి తొక్క లోపలి వైపు చూస్తే ఒక్కోసారి చిన్న బుడిపెలు, సన్నని చారలు కనిపిస్తాయి. గులాబీ రంగు పురుగు లోపలికి వెళ్లిన దారి అదే. గుడ్డు నుంచి అప్పుడే బయటపడిన పిల్ల పురుగు పొడవు ఒక మిల్లీమీటరు మాత్రమే. అది తొలుచుకుని వెళ్లిన రంధ్రం కాయ పెరిగే కొద్దీ పూడుకుపోతుంది. ఆ తరువాత దాదాపు రెండు వారాలు అది గింజ వెంట గింజను తింటూ లోపలే ఉంటుంది. శనగపచ్చ పురుగు సగం శరీరాన్ని కాయ బయటే ఉంచి తింటుంది కనుక దానికి మందు తగులుతుంది. ఈ పురుగుకు తగలదు. కాయలో పురుగు కనిపించిందని చేసే పిచికారీ చాలావరకు వృథా ఖర్చే.

కాబట్టి ఈ పురుగుతో వ్యవహారమంతా అది కాయ బయట ఉండే కొద్ది రోజుల్లోనే తేలాలి. గుడ్డు దశ నాలుగైదు రోజులు. పిల్ల పురుగు బయట తిరిగేది చాలా కొద్దిసేపు. ఇక మిగిలింది రాత్రి వేళ ఎగిరే రెక్కల పురుగు. ఆడ పురుగు మగ పురుగును పిలవడానికి వెదజల్లే వాసనలో ఇంచుమించు ఒకే నిర్మాణం గల రెండు పదార్థాలు సరిసమానంగా ఉంటాయని 1973లో గుర్తించారు. లింగాకర్షక బుట్టల్లో పెట్టే ఎర ఆ మిశ్రమమే. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిదేసి మగ పురుగులు పడితే చర్య తీసుకోవాలన్నది వాడుకలో ఉన్న ఒక కొలమానం. అదే వాసనను చేనంతా పరిస్తే, ఎటు చూసినా పిలుపే ఉన్నందువల్ల, మగ పురుగు నిజమైన ఆడ పురుగును చేరుకోలేదు. పూత దశలో రేకులు పట్టుదారాలతో అతుక్కుపోయి విచ్చుకోని గుడ్డి పూలను ఏరి నాశనం చేయడం ఇంతకంటే చవకైన పని.

తొలి దశలో పచ్చదోమ, తామర పురుగుల కోసం తీవ్రమైన మందులు వాడితే అక్షింతల పురుగుల వంటి మిత్ర కీటకాలు ముందుగా చనిపోతాయి. పైరిత్రాయిడ్లు అనే ఒక రకం పురుగు మందులు విరివిగా కొట్టిన చేలలో తెల్లదోమ విజృంభించడం తెలిసిన విషయమే.

మొక్కలోనే విషాన్ని పెట్టిన బీటీ పత్తి 1996లో అమెరికాలో, 2002లో భారతదేశంలో సాగులోకి వచ్చింది. ఇక్కడ 2006లో రెండు జన్యువుల రకం కూడా వచ్చింది. పదేళ్లయినా కాకముందే గులాబీ రంగు పురుగు ఆ రెండింటినీ తట్టుకుంది. విషాన్ని తట్టుకోలేని పురుగులు కూడా మిగిలి ఉండేలా బీటీ కాని పత్తిని చుట్టూ వేయకపోవడమే కారణమని రైతు మీద నెపం వేయడం పరిపాటి. అది కొంతవరకే నిజం. భారతదేశంలో పండేది ఎక్కువగా హైబ్రిడ్ పత్తి. కాయలోని గింజ తరువాతి తరానికి చెందినది. ఒక్కో జన్యువూ ఒక్క ప్రతిగానే ఉన్న హైబ్రిడ్‌లో, ఏ జన్యువును తీసుకున్నా నాలుగు గింజల్లో ఒకటి దానికి సంబంధించిన విషం లేకుండా ఏర్పడుతుంది. అంటే ఒకే కాయలో పురుగుకు విషమున్న గింజ, లేని గింజ కలగలిసి దొరుకుతాయి. నిరోధక శక్తి అలవడడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. విత్తనం ఎంపికలోనే ఉన్న లోపాన్ని రైతు నెత్తిన రుద్దడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అమెరికాలో బీటీ పత్తితో పాటు, 2006 నుంచి అరిజోనా చేలపై సంతానం కలగకుండా వంధ్యీకరించిన రెక్కల పురుగులను విమానాల నుంచి కోట్ల సంఖ్యలో వదిలారు. పెంపకంలో మేతకు ఎర్ర రంగు కలిపేవారు. బుట్టలో పడ్డ పురుగు కడుపు ఎర్రగా ఉంటే అది తాము వదిలినదేనని తెలిసేది. 2018లో అక్కడి వాణిజ్య పత్తి సాగులో ఈ పురుగు నిర్మూలన అయినట్లు ప్రకటించారు.

ఆ స్థాయి ఏర్పాట్లు లేని చోట అందుబాటులో ఉన్న ఉపాయం కాలమే. ఈ పురుగుకు దాదాపు పత్తి ఒక్కటే ఆహారం. చివరి తీత తరువాత నీరు పెట్టి పంటను పొడిగిస్తే మరో తరానికి మేత దొరుకుతుంది. కట్టెను పీకేసి, మిగిలిన కాయలను నాశనం చేస్తే గొలుసు తెగుతుంది. అయినా కొన్ని పురుగులు రెండు గింజలను కలిపి అల్లుకుని, లోపల డొల్ల చేసుకుని నెలల తరబడి నిద్రపోతాయి. అవి పత్తితో పాటే చేను దాటి వెళ్లిపోతాయి. అందుకే పొలం ఖాళీ అయ్యాక కూడా పత్తి నుంచి గింజను వేరు చేసే జిన్నింగు మిల్లుల చుట్టూ లింగాకర్షక బుట్టలు కట్టిస్తారు.