“మందం ఎక్కువ వెయ్యన్నా”: షీట్ మెటల్ పనిలో అపోహలు, వాస్తవాలు

నల్గొండలో ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాను. పని నేర్చుకున్నది హైదరాబాద్ బాలానగర్‌లో. షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది సైజు చెప్పకముందే, దాని మీద ఏం బరువు పడుతుందో చెప్పకముందే అడిగే మాట ఒకటే: “ఎంత మందం వేస్తవన్నా? పల్చగ మాత్రం వెయ్యకు.” ఆ భయం నాకు అర్థమవుతుంది. ఎక్కడో ఒకచోట మోసపోయి ఉంటారు, లేదంటే మోసపోయినవాళ్ల గోడు విని ఉంటారు. దానికి తోడు “ఫలానా గేజ్ కంటే తక్కువుంటే కొనొద్దు” అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు. (గేజ్ అంటే షీటు మందం చెప్పే నంబరు. నంబరు పెరిగితే షీటు పల్చబడుతుంది.) ఏ వస్తువుకో, ఎంత సైజుకో, ఎంఎస్‌కో (మామూలు ఇనుము) ఎస్ఎస్‌కో (స్టెయిన్‌లెస్ స్టీలు) ఆ మెసేజ్‌లలో ఉండదు. అట్లాంటివి చదివి వచ్చినవాళ్లకు రోజూ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: షీటు ఎంత మందముంటే వస్తువు అంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: జనం డబ్బు అన్నిటికంటే ఎక్కువ పోయేది ఈ నమ్మకం వల్లే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మందం పెరిగితే వంగకుండా నిలబడే గుణం పెరుగుతుంది, నిజమే. మందం రెట్టింపైతే అది ఎనిమిది రెట్లవుతుంది. బరువు, ఖర్చు కూడా రెట్టింపవుతాయి. కానీ షీటుకు గట్టితనం ముఖ్యంగా మడతలో ఉంది. 3 ఎంఎం షీటులోంచి 100 ఎంఎం వెడల్పు పట్టీ కోసి చదునుగా రెండు దిమ్మెల మీద పెట్టండి. పక్కనే 1.2 ఎంఎం షీటులో అదే వెడల్పు పట్టీకి రెండు అంచులూ 25 ఎంఎం చొప్పున కిందికి వంచి పెట్టండి. లెక్కగడితే ఆ పల్చటి పట్టీ నిడివి పొడుగునా వంగకుండా దాదాపు 40 రెట్లు ఎక్కువ ఓర్చుకుంటుంది. మడతలకు పోయిన షీటు కలిపినా బరువు మాత్రం 3 ఎంఎం పట్టీలో అరవై శాతమే. మీ ఇంటి మీద రేకు అర మిల్లీమీటరే కదా, గాలివానకు ఎట్లా ఆగుతోంది? ఆ అలల వల్లే.

దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన, భార్యతో కలిసి బిడ్డ పెళ్లికి బీరువా చేయించడానికి వచ్చారు. మేము అప్పటికే చేసి పెట్టిన బీరువా తలుపు మీద వేళ్లతో కొట్టి చూశాడు. “గిది దబ్‌దబ్ అంటున్నది బిడ్డా, 16 గేజ్ వేసి చెయ్యి. రేపు వియ్యంపులోళ్లు పల్చటి బీరువా పెట్టిండ్రని అంటే మాకు తలవంపులు” అన్నాడు. ఆడపిల్ల తల్లిదండ్రుల టెన్షన్ అది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. కూర్చోబెట్టి టీ ఇప్పించి, రెండు తలుపులు తెచ్చి చూపించాను. రెండూ 20 గేజే. ఒకదానికి లోపల నిలువునా మడత పట్టీ స్పాట్ వెల్డింగ్ చేసి ఉంది, రెండోదానికి ఇంకా చేయలేదు. పట్టీ ఉన్నదాని మీద కొడితే చప్పుడు బిగుతుగా వచ్చింది, అరచేత్తో నొక్కితే లోపలికి పోలేదు. ఆయనే రెండింటినీ మార్చి మార్చి నొక్కి చూసుకున్నాడు. 16 గేజ్ వేస్తే షీటు బరువు ముప్పావు వంతు పైనే పెరుగుతుంది. ఆ బరువుకు కబ్జాలు (తలుపు బందులు) కిందికి జారి, కొన్నాళ్లకు తలుపు కింద రాసుకుంటుంది. మిగిలిన డబ్బుతో మంచి తాళం, లోపల లాకరు పెట్టించుకున్నారు.

ట్రాక్టర్ ట్రాలీ సంగతీ ఇంతే. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు డబ్బాకు 3 ఎంఎం బదులు 5 ఎంఎం వేస్తే, షీటు ఒక్కటే 150 కిలోల పైన పెరుగుతుంది. ఆ బరువును ట్రాక్టరు ప్రతి ట్రిప్పులో ఉత్తగా మోస్తుంది, డీజిల్ మీరు పోస్తారు. అదే డబ్బుతో ఫ్లోరు కింద అడ్డ ఛానళ్లు దగ్గర దగ్గరగా వేయించుకుంటే ఫ్లోరు గుంతలు పడదు. బండరాళ్లు పోసే ట్రాలీ అయితే వేరు. అక్కడ దెబ్బ ఒకే చోట పడుతుంది కాబట్టి ఫ్లోరు వరకు మందం వేయాల్సిందే.

మందం నిజంగా అవసరమయ్యే చోట్లు ఉన్నాయి: దెబ్బ పడేచోట, అరిగేచోట, బోల్టు మర తిప్పేచోట. 1.2 ఎంఎం షీటుకు ట్యాప్ వేసి (అంటే రంధ్రంలో మర కోసి) ఎం6, అంటే 6 ఎంఎం బోల్టు బిగించమంటారు. ఆ బోల్టు మరల మధ్య దూరమే 1 ఎంఎం. అంటే షీటులో ఒక్క మర దొరుకుతుంది, రెండుసార్లు బిగిస్తే చెదిరిపోతుంది. దానికోసం మొత్తం షీటు 5 ఎంఎం చేయడమెందుకు? వెనక నట్టు వెల్డ్ చేస్తే చాలు.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఓనరు హాపరు (వడ్లు పడే గరాటు లాంటి డబ్బా) మొత్తం 6 ఎంఎంలో చేయమన్నాడు, పాత 3 ఎంఎం హాపరుకు చిల్లు పడిందని. వెళ్లి లోపలికి దిగి చూశాను. వడ్లను పైకెత్తే ఎలివేటరు నుంచి వడ్లు వచ్చి తగిలే చోట ఒక పళ్లెమంత మేర షీటు బ్లేడులా పల్చబడి, మెరుస్తూ ఉంది. చిల్లు దాని నడుమ. ఊకలో సిలికా ఉంటుంది, అది ఉప్పుకాగితంలా గీకుతుంది. జానెడు అవతల మందం కొలిచే వెర్నియర్ పెడితే షీటు దాదాపు కొత్తదానిలాగే ఉంది. కొత్త హాపరు బాడీ 3 ఎంఎంలోనే చేసి, వడ్లు తగిలేచోట 6 ఎంఎం లైనర్ ప్లేటు కౌంటర్‌సంక్ (తల ప్లేటులోకి మునిగిపోయే) బోల్టులతో బిగించాం. అరిగితే ప్లేటు మార్చుకుంటారు. దాదాపు 12 చదరపు మీటర్ల హాపరు అది. మొత్తం 6 ఎంఎం వేసి ఉంటే 280 కిలోల ఇనుము అదనం, దాన్ని మోయడానికి కింద స్టాండు కూడా మార్చాలి.

అపోహ: గేజ్ చెబితే మందం చెప్పినట్టే.

వాస్తవం: గేజ్ నంబరు పెరిగితే షీటు పల్చబడుతుందని పైనే చెప్పాను. కానీ గేజ్ పట్టికలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ఒక పట్టికలో 16 గేజ్ 1.63 ఎంఎం, ఇంకో పట్టికలో 1.52. కొటేషన్‌లో ఎంఎం రాయించుకోండి. కొలిచేటప్పుడు షేరింగ్ మిషన్ కోసిన అంచు మీద కొలవొద్దు. అక్కడ బర్రు (కోసినచోట లేచే గరుకు అంచు) లేచి మందం ఎక్కువ చూపిస్తుంది. పౌడర్ కోటింగ్ మీద కొలిచినా రెండు వైపులా కలిపి పదో వంతు ఎంఎం పైనే అబద్ధం చెబుతుంది. అన్నిటికంటే నమ్మకమైనది తూకం. చదరపు అడుగుకు, ఒక ఎంఎం మందానికి దాదాపు 730 గ్రాములు. 8×4 అడుగుల షీటు 20 గేజ్ అయితే 21 కిలోల పైన తూగాలి, 22 గేజ్ అయితే 16 కిలోల పైన. నాలుగు కిలోలకు పైగా తేడా ఏ కాంటా మీదైనా తెలిసిపోతుంది. పూర్తి షీట్లు మీ ముందే తూకం వేయమనండి. వద్దనే షాపులో పని ఇవ్వకండి.

అపోహ: బెండింగ్ మిషన్ 100 టన్నులంటే ఏ షీటైనా వంచుతుంది.

వాస్తవం: ఆ టన్నులు మిషన్ నొక్కే బలం. మందం ఒక్కటే చూస్తే సరిపోదు, పొడవు, డై (షీటును నొక్కి వంచే గాడి) వెడల్పు, లోహం కలిపి చూడాలి. డై నోరు షీటు మందానికి ఎనిమిది రెట్లు పెట్టుకుంటే, 3 ఎంఎం ఎంఎస్ మీటరుకు సుమారు 25 టన్నులు అడుగుతుంది. 8 అడుగులకు 60. అదే 6 ఎంఎం అయితే 120 దగ్గర, అంటే ఆ మిషన్ మీద కాదు. ఎస్ఎస్ అయితే ఒకటిన్నర రెట్లు. 3 ఎంఎం షీటుకు 10 ఎంఎం లిప్ (అంచు మడత) వంచమంటారు. 24 ఎంఎం నోరున్న డైలో అంచు జారి లోపలికి పడిపోతుంది, కనీసం 17 ఎంఎం ఉండాలి. “హైదరాబాద్‌ల చేస్తరట” అంటారు. అక్కడా ఇదే లెక్క.

అపోహ: మంచి వెల్డర్ అయితే ఎంత పల్చటి షీటైనా రాడ్డుతో అతుకుతాడు.

వాస్తవం: 1.2 ఎంఎం కిందికి వస్తే ఆర్క్ రాడ్డు చిల్లులు పెడుతుంది. సీఓటూ (గ్యాస్, తీగతో చేసే) వెల్డింగో, స్పాటో, రివెటో కావాలి. వెల్డర్‌ను తిట్టకండి.

అపోహ: జీఐ (జింకు పూత ఉన్న ఇనుప షీటు) మందమైతే తుప్పు పట్టదు.

వాస్తవం: తుప్పును ఆపేది పైనున్న జింకు. దాన్ని చదరపు మీటరుకు గ్రాముల్లో అడగాలి. 120 గ్రాముల కోటింగ్ ఒక్కో వైపు 8 మైక్రాన్ల పైచిలుకు, 275 అయితే 19.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే 304 గ్రేడు ఎస్ఎస్.

వాస్తవం: 202 గ్రేడుకు కూడా అంటుకోదు. 304కు వంచినచోట కొంచెం అంటుకోవచ్చు కూడా. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, పెద్ద పని అయితే టెస్ట్ సర్టిఫికెట్ అడగండి.

అపోహ: బాయిలర్ లీకైతే మందపాటి ప్లేటు ప్యాచ్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఉప్పుడు బియ్యం మిల్లుల నుంచి ఈ ఫోన్ సీజన్‌లో తప్పకుండా వస్తుంది. “ఒక్క రాత్రికి పని అయితే చాలన్నా” అంటారు. వడ్లు తడిసి ఉంటాయి, నష్టం కళ్ల ముందు కనిపిస్తుంటుంది, వాళ్ల తొందర నాకు తెలుసు. కానీ బాయిలర్ ప్లేటు మామూలు షీటు కాదు. దాని గ్రేడు, మందం, వెల్డింగ్ విధానం, వెల్డర్ సర్టిఫికెట్ అన్నీ చట్టం కింద ఉంటాయి. అనుమతి లేని రిపేరు చేయకూడదు. మా షాపులో ఆ పని చేయం, ఎంత ఇచ్చినా. మంట ఆపి, ప్రెషర్ పూర్తిగా దిగేదాకా మనుషులను దూరంగా ఉంచండి. బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేసి, గుర్తింపు ఉన్న రిపేరు సంస్థను పిలిపించండి.