మాక్ డ్రిల్‌లో ముందు ఆపాల్సింది కరెంటే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. మోటార్లు ఆడక తాగునీటికి ట్యాంకర్లే దిక్కయ్యాయి. ఆ జిల్లాలో వైద్య అత్యవసరాలకు ఏ కసరత్తు చేసినా ఆ ఉదయం నుంచే మొదలుపెట్టాలి.

బల్ల మీద పటం పరిచి యుద్ధాన్ని ముందే ఆడి చూసుకోవడం 19వ శతాబ్దపు ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) సైన్యం అలవాటు. ఆరోగ్య రంగంలో ఆ పద్ధతికి పేరు తెచ్చింది 2001 జూన్‌లో అమెరికాలో జరిగిన ‘డార్క్ వింటర్’. శత్రువులు మశూచి క్రిములు వదిలినట్టు ఊహించి చేశారు. 2016 అక్టోబరులో బ్రిటన్ ‘సిగ్నస్’ పేరుతో ఫ్లూ మహమ్మారిని ఆడి చూసింది. తమ సన్నద్ధత చాలదని అప్పుడే తేలింది. నివేదిక జనం ముందుకు వచ్చింది మాత్రం 2020లో, కోవిడ్ మధ్యలో.

మన రాష్ట్రంలో కోవిడ్ టీకా డ్రై రన్ 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో కృష్ణా జిల్లాలో జరిగింది. 2022 డిసెంబరు 27న దేశమంతటా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు, వెంటిలేటర్లు ఆడించి చూశారు. అవసరమే. కానీ యంత్రం ఆడుతోందో లేదో చూడటం వేరు, యంత్రాలు ఆగిన రోజున ఎవరు ఏం చేయాలో తేల్చుకోవడం వేరు. తేదీ ముందే చెబితే ఆ రోజు జనరేటర్‌లో డీజిల్ ఉండనే ఉంటుంది.

ఎవరు ఏం చేయాలో తేల్చుకోవడానికి ఒక బల్ల, రెండు గంటలు చాలు. పీహెచ్‌సీ డాక్టరు, ఎంపీడీవో, తాగునీటి ఇంజనీరు, విద్యుత్ ఏఈ, ఏఎన్‌ఎం కూర్చోవాలి. ఇరవై నిమిషాలకో చీటీ వారి ముందు పెట్టాలి. మొదటి చీటీ: కరెంటు లేదు, ఫోన్లు లేవు. రెండోది: డయాలసిస్ రోగులు వచ్చారు. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారికి సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు పడుతుంది. జనరేటర్ ఉన్నా నీళ్ల ట్యాంకరు రాకపోతే ఆ మంచం ఖాళీయే. మూడోది: ఒక ఊళ్లో విరేచనాలు. మంచి బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు సరిపోతుంది. మూతి తెరిచి ఉన్న బస్తాలో చెమ్మ చేరితే దాని క్లోరిన్ పోతుంది. అదే కొలతతో కలిపినా నీళ్లలో క్రిములు చావవు. అరగంట ఆగి క్లోరిన్ పరీక్ష చేయాలని ఎవరు గుర్తుచేస్తారో చూడాలి.

ఎక్కువగా చెడేది చివర్లోనే. ‘సమన్వయం పెంచాలి’ అని రాసి ఫైలు మూసేస్తారు. దాని బదులు ఒక్కో లోపం పక్కన ఒక పేరు, ఒక గడువు రాయాలి. అక్టోబరు రాకముందే అవే చీటీలు మళ్లీ ఆ బల్ల మీద పెట్టాలి.