బందీలతో బేరం: 2000లో కోర్టు కాదంది, 2002లో చట్టం సరేనంది

2025 చివర్లో ఇజ్రాయెల్ సైనిక స్థావరం స్దే తైమాన్ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఇజ్రాయెల్ సైన్యంలో అత్యున్నత న్యాయాధికారి యిఫాత్ తోమెర్ యెరుషల్మి 2025 అక్టోబర్ 31న రాజీనామా చేశారు, రెండు మూడు రోజుల్లోనే అరెస్టయ్యారు. నెగెవ్ ఎడారిలోని ఆ సైనిక స్థావరంలో గాజా ఖైదీ ఒకరిని సైనికులు హింసించిన కేసుకు సంబంధించిన వీడియో టీవీ ఛానల్‌కు చేరడానికి తానే అనుమతిచ్చానని ఆమె ఒప్పుకున్నారు. అప్పుడు అక్కడ రచ్చంతా వీడియో బయటికెలా వచ్చిందన్నదాని మీదే. ఆ ఖైదీ పక్కటెముకలు విరిగాయని, ఊపిరితిత్తికి రంధ్రం పడిందని, పురీషనాళం చీలిందని సైన్యమే చార్జిషీట్‌లో రాసింది. ఆ సంగతి ఎత్తినవాళ్లు తక్కువ.

ఈ గొడవ చల్లారకముందే నవంబర్ 10న ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్, ఇజ్రాయెలీలను చంపిన ‘ఉగ్రవాదులకు’ మరణశిక్ష విధించే బిల్లుకు 39-16 ఓట్లతో తొలి ఆమోదం తెలిపింది.

1948, 1967 యుద్ధాలు, ఇంతిఫాదాలు (పాలస్తీనియుల తిరుగుబాట్లు), ఓస్లో శాంతి ఒప్పందం చాలామందికి తెలిసినవే, వాటిలోకి వెళ్లను. బందీలను ఇలా చూడటానికి దారి తీసిన అసలు మలుపు నా దృష్టిలో వేరే ఉంది, అది గాజాలో వచ్చింది కాదు, లెబనాన్ ఖైదీల కేసులో వచ్చింది.

1986లో రాన్ అరాద్ అనే ఇజ్రాయెల్ వైమానిక దళ నావిగేటర్ లెబనాన్‌లో పట్టుబడ్డాడు, ఆ తర్వాత ఆచూకీ లేకుండా పోయాడు. అతన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే తమ చేతిలోనూ ఎవరో ఒకరు ఉండాలని ఇజ్రాయెల్ అనుకుంది. 1989 జులైలో కమాండోలు దక్షిణ లెబనాన్‌లోని జిబ్‌షీత్ ఊళ్లో దిగి, అక్కడి సాయుధ సంస్థ హిజ్బుల్లాకు చెందిన మతగురువు షేక్ ఒబీద్‌ను ఎత్తుకొచ్చారు. 1994లో ముస్తఫా దిరానీని కూడా అలాగే ఇంట్లోంచి పట్టుకొచ్చారు, అరాద్‌ను కొంతకాలం బందీగా ఉంచుకున్నది ఈయనే. వీళ్లు కాకుండా ఇంకొందరు లెబనాన్ కుర్రాళ్లున్నారు. హిజ్బుల్లాలో చేరారన్న నేరానికి పడిన శిక్షలు పూర్తయిపోయినా వాళ్లను వదల్లేదు. 1979 నాటి చట్టం కింద ముందస్తు నిర్బంధంలో పెట్టి, ఆ గడువును పొడిగించుకుంటూ పోయారు. మన పీడీ యాక్ట్ లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే తెలంగాణ పీడీ యాక్ట్ కింద ఏడాది దాటి ఉంచకూడదు, అక్కడ ఆరేసి నెలల చొప్పున ఎన్నేళ్లయినా లాగొచ్చు.

వీళ్లు బయటికెళితే ఏదో ప్రమాదం చేస్తారని ప్రభుత్వం కూడా వాదించలేదు. అరాద్ కోసం బేరానికి పనికొస్తారనే ఉంచామని కోర్టుకు నేరుగానే చెప్పింది. 1997లో సుప్రీంకోర్టు 2-1తో అందుకు సరేనంది, ఆ ఇద్దరిలో ప్రధాన న్యాయమూర్తి అహరోన్ బరాక్ ఒకరు. పునఃపరిశీలనలో, 2000 ఏప్రిల్‌లో, అదే బరాక్ తన అభిప్రాయం మార్చుకున్నారు. తనవల్ల ఏ ప్రమాదమూ లేని మనిషిని వేరొకరిని విడిపించుకునే సాధనంగా నిర్బంధించడం ఆ చట్టం కింద కుదరదని 6-3తో తీర్పొచ్చింది. వారం రోజుల్లో 13 మంది లెబనాన్ వాళ్లు ఇళ్లకు వెళ్లారు. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం యుద్ధం నడుస్తుండగా తన తప్పు తానే దిద్దుకోవడం మామూలు విషయం కాదు. ఆ తీర్పు అలాగే నిలబడి ఉంటే ఈ రోజు కథ వేరేగా ఉండేదని నా నమ్మకం.

నిలబడనివ్వలేదు. ఒబీద్, దిరానీలను వదలాల్సి వస్తుందని 2002 మార్చిలో క్నెసెట్ ‘చట్టవిరుద్ధ పోరాటకారుల’ చట్టం తెచ్చింది. అందులో బేరం అన్న ఊసే లేదు. శత్రు బృందంలో సభ్యుడైనా చాలు, పోరు ముగిసేదాకా అతన్ని వదిలితే దేశ భద్రతకు హాని అని ముందే అనుకోవాలని రాశారు. అలా కాదని నిరూపించుకునే భారం ఖైదీది. సాక్ష్యాలు రహస్యం. చివరికి 2004 జనవరిలో హిజ్బుల్లాతో జరిగిన మార్పిడిలోనే వాళ్లిద్దరూ బయటపడ్డారు. అంటే కోర్టు కూడదన్న పనే చట్టం పేరుతో జరిగింది. విచారణ చేసినవాళ్లు తనపై లైంగిక హింసకు పాల్పడ్డారని దిరానీ ఇజ్రాయెల్ కోర్టులోనే దావా వేశాడు. స్దే తైమాన్ ఆరోపణలు చదువుతుంటే ఆ దావా గుర్తుకొస్తుంది.

ఈ చట్టం గురించి ఇజ్రాయెల్ చెప్పేదేమిటంటే, గాజాలోని సాయుధ సంస్థ హమాస్ వాళ్లు యూనిఫాం వేసుకోరు, యుద్ధ నియమాలు పాటించరు, కాబట్టి వాళ్లు యుద్ధఖైదీలు కారు, వదిలితే మళ్లీ దాడికొస్తారు. దీనికి ఇజ్రాయెల్ చూపే ఉదాహరణ హమాస్ నాయకుడు యహ్యా సిన్వార్. 2006లో పట్టుబడిన సైనికుడు గిలాద్ షలీత్ కోసం 2011లో 1,027 మందిని వదిలారు, అందులో 22 ఏళ్లు జైల్లో ఉన్న సిన్వార్ ఒకడు. 2023 అక్టోబర్ 7 దాడి నడిపింది అతనే. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు.

ఇక హమాస్ నడిచిందీ ఆ బేరం దారిలోనే, ఇంకా దారుణంగా. షలీత్‌ను అయిదేళ్లకు పైగా దాచి రెడ్‌క్రాస్‌ను ఒక్కసారి కూడా కలవనివ్వలేదు. 2009లో అతను న్యూస్‌పేపర్ పట్టుకుని కనిపించే చిన్న వీడియో ఇచ్చి, దానికి బదులుగా 20 మంది పాలస్తీనా మహిళా ఖైదీలను విడిపించుకుంది. బతికే ఉన్నాడని చెప్పడానికి కూడా ధర కట్టింది. అక్టోబర్ 7న 251 మందిని ఎత్తుకెళ్లారు, వాళ్లలో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు. ఇది యుద్ధనేరం, ఇందులో రెండో మాట లేదు. సొరంగంలో ఎముకల గూడులా మారిన బందీ ఒకరిని 2025 ఆగస్టులో హమాసే వీడియో తీసి వదిలింది.

2023 అక్టోబర్ దాడి తర్వాత 2002 చట్టానికి కోరలొచ్చాయి. నిర్బంధ ఉత్తర్వు 96 గంటల్లోపు ఇవ్వాలన్నది 45 రోజులైంది, జడ్జి ముందుకు 14 రోజుల్లో తీసుకెళ్లాలన్నది 75 రోజులైంది, లాయర్‌ను 180 రోజుల దాకా కలవనివ్వకుండా ఆపొచ్చన్నారు. గాజాలో పట్టుకున్న వేలమందిని ఇందులో వేశారు, డాక్టర్లు, నర్సులు కూడా ఉన్నారు. రెడ్‌క్రాస్‌ను ఇజ్రాయెల్ కూడా రానివ్వలేదు. పాలస్తీనా ఖైదీలకు ప్రభుత్వం చాలినంత తిండి పెట్టడం లేదని 2025 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే 2-1తో చెప్పింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి కస్టడీలో కనీసం 98 మంది చనిపోయారని అక్కడి డాక్టర్ల మానవహక్కుల సంఘం 2025 నవంబర్‌లో లెక్క తేల్చింది.

2025 ఫిబ్రవరిలో విడుదలలు జరిగిన తీరు చూడండి. హమాస్ బందీలను స్టేజీ ఎక్కించి, చేతికి సర్టిఫికెట్లిచ్చి, జనానికి చెయ్యి ఊపించింది. అదే నెలలో ఇజ్రాయెల్ తాను వదిలిన ఖైదీలకు ఇజ్రాయెల్ జెండా మీదుండే దావీదు నక్షత్రం, ‘మరవం, క్షమించం’ అన్న అరబిక్ రాత ఉన్న టీషర్టులు తొడిగి పంపింది. గాజా చేరాక వాళ్లు వాటిని విప్పి తగలబెట్టారు.

2025 అక్టోబర్ 13న బతికున్న చివరి 20 మంది ఇజ్రాయెలీ బందీలు ఇళ్లకు చేరారు. బదులుగా యావజ్జీవ, దీర్ఘకాల శిక్షలు పడిన 250 మందితో పాటు, గాజా నుంచి పట్టుకొచ్చిన సుమారు 1,700 మందిని వదిలారు. వదిలితే దేశానికి హాని అని నిన్నటిదాకా కోర్టులకు చెప్పినవాళ్లు ఒక్క రోజులో బస్సులెక్కారు. 2000లో బరాక్ కూడదన్నది సరిగ్గా దీన్నే కదా! స్దే తైమాన్ కేసులో బాధితుణ్ని కూడా అదే మార్పిడిలో గాజాకు పంపేశారు. ఇక కోర్టులో సాక్ష్యం ఎవరు చెప్పాలి?

మరణశిక్ష బిల్లు వెనకా ఇదే లెక్క. ఉరి తీస్తే రేపు మార్పిడిలో వదలాల్సిన అవసరం ఉండదని దాన్ని తెచ్చినవాళ్లు బాహాటంగానే అన్నారు. బందీల వ్యవహారాలు చూసిన ప్రభుత్వ సమన్వయకర్త గాల్ హిర్ష్ మొదట దీన్ని వ్యతిరేకించారు, మనవాళ్ల ప్రాణాల మీదికొస్తుందని. 2025 నవంబర్‌లో పార్లమెంటరీ కమిటీకి వచ్చి, బతికున్నవాళ్లంతా తిరిగొచ్చారు కాబట్టి ఇక తనకు అభ్యంతరం లేదన్నారు. అప్పటికి బిల్లుకు ఇంకా రెండు దఫాల ఓటింగ్ మిగిలి ఉంది.