కలంకారీలో "నా సొంతం" ఎక్కడుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒకే వారంలో ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే మాట. "అక్కా, పని నేర్చుకున్నాను, చెయ్యి కూడా కుదిరింది. కానీ ఏం వేయాలో తెలియడం లేదు. నాకంటూ అర్థం ఉన్న సబ్జెక్ట్ ఒకటి దొరికాక మొదలుపెడతాను." ఒకరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుల్లో వచ్చి నేర్చుకున్న అమ్మాయి. ఇంకొకరు డిజైన్ కోర్సు చివరి సంవత్సరంలో ఉన్న అబ్బాయి. మూడో ఆవిడకు యాభై దాటాయి, పిల్లలు స్థిరపడ్డాక ఇష్టపడి వచ్చి చేరారు.

శ్రీకాళహస్తిలో నేను ఈ కలంకారీ పని, అంటే కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసి రంగులు వేసే పని, పట్టి ఇరవై రెండేళ్లయింది. నేర్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు. రంగు చెడిపోయిందని పని మానేసినవాళ్లను పెద్దగా చూడలేదు. ఈ మాట దగ్గర ఆగిపోయినవాళ్లను మాత్రం లెక్కపెట్టలేను. మంచి గీత ఉన్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు, ఇంట్లో పోట్లాడి వచ్చి నేర్చుకున్నవాళ్లు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ముందు అర్థం దొరకాలి. ఆ తర్వాతే గుడ్డ మీద కలం పెట్టాలి.

వాస్తవం: నాకు తెలిసినంతలో ఇది తలకిందులు. పని చేస్తుంటే అర్థం దొరుకుతుంది. అదీ మొదట్లో కాదు, చాలాసార్లు సగం దాటాక.

మన పనే చూడండి. కసిమితో, అంటే ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే నల్ల సిరాతో, గీతలు అయ్యాక, ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు వేస్తాం. వేసిన చోట ఆరాక కంటికి దాదాపు ఏమీ ఆనదు. కొన్నాళ్లు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క వేసిన నీళ్లలో ఉడకబెడితే అప్పుడు పటిక పట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు పటిక వేస్తూ పదిసార్లు అడుగుతారు, "అక్కా, పడిందా? ఏమీ కనిపించడం లేదే?" అని. పడింది, చెయ్యి ఆపకుండా వేసుకుంటూ పో అంటాను. ఎరుపు కనిపిస్తే గానీ పటిక వేయను అంటే ఆ గుడ్డ ఎప్పటికీ ఎర్రబడదు.

నా సంగతే చెబుతాను. మాది శ్రీకాళహస్తి కాబట్టి కన్నప్ప పటాలకు ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. కథ అందరికీ తెలిసిందే. లింగం కంటి నుంచి నెత్తురు కారుతుంటే తిన్నడు, అదే కన్నప్ప, బాణంతో తన కన్ను పెకలించి అక్కడ పెడతాడు. అంతలో రెండో కంటి నుంచీ కారడం మొదలవుతుంది. రెండోది కూడా తీసేస్తే ఇక చూపు ఉండదు కదా, ఎక్కడ పెట్టాలో తెలియాలని ఆ చోట కాలు ఆనించి గుర్తు పెట్టుకుంటాడు. అప్పుడు శివుడు ఆపుతాడు.

ఈ దృశ్యాన్ని మా గురువుగారు ఇచ్చిన నమూనా చూసి నేను ముప్ఫైసార్లకు తక్కువ కాకుండా వేసి ఉంటాను. నా శ్రద్ధంతా విల్లు మీద, పూసల దండల మీద, అంచు లతల మీద ఉండేది. కాలు అంటే నమూనాలో ఉన్న కాలు, అంతే.

తర్వాత మా అమ్మకు షుగర్ వల్ల చూపు తగ్గుతూ వచ్చింది. గోడ పట్టుకుని నడిచేది. గడప దగ్గరికి రాగానే ఆగి, కుడికాలి బొటనవేలితో తాకి చూసుకుని, అప్పుడు అడుగు వేసేది. బిందె ఎక్కడుందో చేత్తో కంటే ముందు కాలితో వెతికేది. రోజూ చూస్తూనే ఉన్నాను. చూసి వంటింట్లోకో పనిలోకో వెళ్లిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి ఒకరు కన్నప్ప పటం అడిగారు. కొలతలు, రంగులు అన్నీ వాళ్లవే. గుడ్డ పరిచి చింతపుల్ల బొగ్గుతో కాలు గీస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ కాలు భక్తికి గుర్తనుకుంటూ వచ్చాను. కాదు. చూపు పోబోతోందని తెలిసిన మనిషి ముందే పెట్టుకున్న ఆనవాలు అది. మా అమ్మ బొటనవేలు.

బొగ్గు గీత దులిపేసి మళ్లీ గీశాను. అంతకుముందు పటాల్లో పాదం చదునుగా లింగం మీద ఆని ఉండేది. ఈసారి బొటనవేలు ఒక్కటే తాకుతూ, మిగతా వేళ్లు కొంచెం పైకి లేచాయి. మడమ గాల్లో ఉంది. వెతుక్కునే కాలు అలాగే ఉంటుంది. అమ్మకు చెబితే "నా కాలు తీసుకెళ్లి స్వామి మీద పెడతావా" అని లెంపలు వేసుకుంది. పటం తీసుకున్నవాళ్లకు ఈ సంగతి నేను చెప్పలేదు. బాగుందన్నారు, డబ్బులిచ్చి తీసుకెళ్లారు. ఆ తర్వాత నేను వేసిన ప్రతి కన్నప్ప కాలూ అలాగే ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. "అమ్మ గురించి నాకంటూ ఒక పటం వేయాలి" అని ముందే నిశ్చయించుకుని కూర్చుని ఉంటే నేను ఏం వేసేదాన్ని? గోడ పట్టుకున్న ముసలావిడను వేసి ఉందును. ఆ వేలు నాకు దొరికేది కాదు. ముప్ఫైసార్లు అదే కాలు గీసిన చెయ్యి ఉంది కాబట్టి, ముప్ఫై ఒకటోసారి తేడా పట్టుకోగలిగింది.

ఈమధ్య రీల్స్‌లో ఒకటే ఊదర. "మీ మనసు ఏం చెబుతోందో ముందు కనుక్కోండి, అప్పుడే పని మొదలుపెట్టండి" అని. చెప్పేవాళ్లలో ఎంతమంది ఒక్క గుడ్డకైనా కరక్కాయ పట్టించారో (రంగు నిలవడానికి గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతాం) నాకు తెలియదు. ఆ మాట విని ఆగిపోయినవాళ్ల నష్టం మాత్రం నాకు కనిపిస్తోంది. ఆరు నెలలు కలం పట్టకపోతే గీత వణుకుతుంది. గీత వణికితే "చూశారా, ఇది నాది కాదు, అందుకే రావడం లేదు" అనుకుంటారు. ఇంకో ఆరు నెలలు ఆగుతారు. అలా రెండేళ్లు, మూడేళ్లు.

వీళ్లను బద్ధకస్తులని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. అది బద్ధకం కాదు, భయం. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, వీటన్నిటి మధ్య చేతికి చిక్కేది వారానికి మూడు నాలుగు గంటలు. ఆ కాస్త సమయాన్ని అర్థంలేని దాని మీద పోగొట్టుకుంటానేమో అన్న టెన్షన్. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ మూడు గంటలూ ఆలోచిస్తూ కూర్చుంటే ఏమీ మిగలదు. ఒక ఏనుగు తొండం గీస్తే కనీసం తొండం మిగులుతుంది.

నా దగ్గర నేర్చుకునేవాళ్లతో ఒక చిన్న పని చేయిస్తాను. రోజూ పని అయ్యాక నోటుబుక్‌లో రెండే రెండు రాయమంటాను. చెయ్యి ఎక్కడ నెమ్మదించింది? బొగ్గు గీత ఎక్కడ ఎక్కువసార్లు దులిపారు? ఎందుకని రాయక్కర్లేదు. రెండు మూడు పటాలు అయ్యాక ఆ పేజీలు తిరగేస్తే ఒకే చోట మళ్లీ మళ్లీ ఆగిన సంగతి కనిపిస్తుంది. ఒకరికి చేతులు, ఒకరికి గుమ్మాలు. ఒకబ్బాయికి ప్రతి పటంలోనూ పక్కన నిలబడి చూస్తున్న మనుషులు. అక్కడి నుంచి వెతుక్కోండి.

అపోహ: రాముడి కథ, కృష్ణుడి కథ వందల ఏళ్లుగా వేస్తున్నదే. అందులో నా సొంతం ఏముంటుంది?

వాస్తవం: డిజైన్ చదువుకున్న పిల్లలు ఇది ఎక్కువగా అడుగుతారు. శ్రీకాళహస్తి పటంలో మధ్యలో పెద్ద గడి, చుట్టూ చిన్న గడుల్లో కథ, బొమ్మల వెంట తెలుగులో రాత. కథ పాతదే. ఏ ఘట్టం మధ్యకు రావాలి, దేనికి ఎంత చోటు, బొమ్మ పక్కన ఏ మాట రాయాలి, ఏది వదిలేయాలి? ఇదంతా వేసేవాళ్ల చేతిలో ఉంది. అది చిన్న స్వేచ్ఛ కాదు.

నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెడుతుంది. ఆమె వేసిన రామాయణంలో శబరి గడి మిగతావాటికి రెండింతలుంది. పట్టాభిషేకానికి చోటు సరిపోక ఇరుకైంది కూడా. ఎందుకమ్మా అంత పెద్దది అంటే, "పెట్టేముందు రుచి చూసింది శబరి ఒక్కతే కదక్కా" అంది. నేను ఇన్ని రామాయణాలు వేశాను, నాకు ఎన్నడూ తట్టలేదు.

1950ల నాటికి శ్రీకాళహస్తిలో ఈ పని దాదాపు పోయే స్థితికి వచ్చింది. చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాత పని మళ్లీ నిలబడింది. తండ్రి లక్ష్మయ్య గారి దగ్గర నేర్చుకున్న ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. తండ్రి వేసిన కథలే కొడుకూ వేసినా, రెండు చేతుల గీత ఒకటి కాదు. ఆ గీతలో తేడా చూడటం నేర్చుకుంటే ఈ ప్రశ్న అడగరు. క్రీస్తు కథ, బుద్ధుడి కథ వేసినవాళ్లూ ఇదే ఊళ్లో ఉన్నారు. పద్ధతి అదే, చేతులు అవే.

అపోహ: ఆర్డర్ పనిలో మనసు ఉండదు.

వాస్తవం: పైన చెప్పిన కన్నప్ప పటం ఆర్డర్ పనే. అలాగని ప్రతి ఆర్డర్‌లోనూ అర్థం వెతకమని చెప్పను. నెమళ్లు వేసిన దుపట్టాలు నలభై అడుగుతారు, వేస్తాం, వాటితో కరెంటు బిల్లు, కరక్కాయల ఖర్చు వెళ్తాయి. అది గౌరవమైన పని. అందులో ఏమీ అనిపించకపోతే మీలో లోపం ఉన్నట్టు కాదు.

అపోహ: విసుగు వచ్చిందంటే ఆ సబ్జెక్ట్ మనది కాదు.

వాస్తవం: అంచు లత వేస్తే విసుగు వస్తుంది. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా వస్తుంది. లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చోండి.

అపోహ: బాధలో ఉన్నప్పుడే గొప్ప పని వస్తుంది.

వాస్తవం: కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి పడగానే నల్లబడుతుంది. పడిన నలుపు మళ్లీ పోదు. ఏడుస్తూ గీత గీసి చూడండి, మీకే తెలుస్తుంది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న పదిహేను రోజులూ నేను కలం ముట్టలేదు. అమ్మ ఇంటికి వచ్చాకే ముట్టాను. బాధ పనికి వస్తుందేమో గానీ, పని చేసేటప్పుడు చెయ్యి నిలకడగా ఉండాలి. తిని, నిద్రపోయి రండి.

అపోహ: మనసుపెట్టి చేసినదానికి డబ్బు అడగకూడదు.

వాస్తవం: అడగండి. ఎన్ని రోజులు పట్టిందో రాసుకుని, రోజుకూలి కట్టి అడగండి. ముఖ్యంగా ఆడవాళ్లు, "ఇష్టంతో చేశాను కదా" అని బంధువులకు ఊరికే ఇచ్చేయడం ఆపండి. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మొదట చెప్పిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి సంగతి. ఫోన్‌లో మాట్లాడుతుంటే బయటపడింది, రెండేళ్ల కిందట మా దగ్గర మొదలుపెట్టిన గుడ్డ ఇంకా ఆమె సూట్‌కేసులోనే ఉందట. సాలెపురుగు (శ్రీ), పాము (కాళం), ఏనుగు (హస్తి), మా ఊరి పేరులోని కథే. "అది ప్రాక్టీస్ కోసం మీరిచ్చింది కదక్కా, నాది కాదు కదా" అంది. ఎవరిదైనా సరే, పట్టుకుని రమ్మన్నాను.

సెలవు పెట్టి వచ్చింది. గుడ్డ విప్పితే ఇంకా కరక్కాయ వాసన వేస్తోంది. మడతల్లో బొగ్గు గీత సగం రాలిపోయింది. సాలెపురుగు, పాము ఉన్నాయి, ఏనుగు మొండెమే మిగిలింది. స్వర్ణముఖి నది నుంచి తొండంతో నీళ్లు తెచ్చి లింగాన్ని అభిషేకించే ఏనుగు. మొదటిరోజు గీత బాగా వణికింది. పాత గుడ్డ పీలిక మీద రోజంతా ఉత్త గీతలే గీయించాను. రెండోరోజు మధ్యాహ్నానికి చెయ్యి దారికొచ్చింది. తొండం దగ్గర నాలుగుసార్లు దులిపి మళ్లీ గీసింది. ఎందుకో నేను అడగలేదు, తనూ చెప్పలేదు. సాయంత్రం నోటుబుక్‌లో మాత్రం చాలాసేపు ఏదో రాసుకుంది.

కసిమి గీతలు అయిపోయాయి. ఎరుపు రావాల్సిన చోట పటిక వేసి ఆరబెట్టాం. గుడ్డ నా దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం తను వచ్చాక ఉడకబెడతాం.