భ్రామరి గట్టిగా చేస్తేనే పనిచేస్తుందా? అపోహలు - వాస్తవాలు

పొద్దున యోగా క్లాసులో భ్రామరి (తుమ్మెదలా నాదం చేస్తూ ఊపిరి వదిలే ప్రాణాయామం) మొదలవ్వగానే ఎవరో ఒకరు పోటీకొచ్చినట్టు గది మోగిపోయేలా మ్‌మ్‌మ్ అని లాగుతారు, పక్కనోళ్లు కళ్లు తెరిచి చూస్తారు. రోజూ ఉండే తంతే ఇది. అందుకే రాస్తున్నా.

అపోహ: ఎంత గట్టిగా చేస్తే అంత ప్రశాంతత.
వాస్తవం: కాదండీ, తుమ్మెద అరవదు కదా. పెదాలు మూసి, పళ్లు కొంచెం ఎడంగా పెట్టుకుని ముక్కు చుట్టూ సన్నగా వణుకు తెలిసేంత చేస్తే చాలు. అసలు పని చేసేది ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలడం. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం, 4 సెకన్లు పీల్చి 8 సెకన్లు నాదంతో వదిలితే అది 5కి వచ్చేస్తుంది. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం వల్ల గుండె కాస్త నెమ్మదిస్తుంది, పీల్చేటప్పుడు మళ్లీ పుంజుకుంటుంది. 8 సెకన్లు రాకపోతే 6 చాలు, మొహం ఎర్రబడేదాకా లాగితే ఇంకేం ప్రశాంతత?

అపోహ: చెవుల్లోకి వేళ్లు దూర్చి గట్టిగా మూయాలి.
వాస్తవం: వద్దు. చెవి రంధ్రం ముందు చిన్న తలుపులా మెత్తగా ఉంటది చూడండి, దాన్ని బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కితే సరిపోతుంది. చెవి నొప్పి ఉన్నా, చీము కారుతున్నా అదీ వద్దు.

అపోహ: ఒంట్లో ఆక్సిజన్ 15 రెట్లు పెరుగుతుంది.
వాస్తవం: ఇది నాకు ఫార్వర్డ్‌లో వచ్చింది. 2002లో స్వీడన్ పరిశోధకులు చూసింది వేరే, ఊరికే ఊపిరి వదలడం కంటే ముక్కుతో హమ్మింగ్ చేస్తూ వదిలితే ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు 15 రెట్లు ఎక్కువ వచ్చింది, సైనస్‌ల గాలి బాగా కదలడం వల్ల. రక్తంలో ఆక్సిజన్ ఆరోగ్యంగా ఉన్నోళ్లకి ఎటూ 95 శాతం పైనే, ఇక పదిహేను రెట్లు ఎక్కడికి పెరుగుతుంది?

అపోహ: బీపీ గోలీ మానేయొచ్చు.
వాస్తవం: మా బ్యాచ్‌లో ఒక పెద్దాయన రెండు వారాలు చేసి, హాయిగా ఉందని తనంతట తనే గోలీ ఆపేశాడు, ఓ రోజు తలనొప్పితో వస్తే బీపీ చూస్తే 170 దాటింది. మనసు తేలికైనంత మాత్రాన బీపీ తగ్గినట్టు కాదు. మందు మార్చాలా వద్దా అనేది డాక్టరు చెప్పాలి, నేను కాదు.

అపోహ: అర్ధరాత్రే చెయ్యాలి.
వాస్తవం: ఇది పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. ఘేరండ సంహిత అనే పాత యోగా గ్రంథంలో అర్ధరాత్రి దాటాక, ఏ జీవి చప్పుడూ లేని చోట, చెవులు చేతులతో మూసుకుని చెయ్యమని ఉంది. అక్కడ కావాల్సింది నిశ్శబ్దం, గడియారంలో 12 కాదు. మా వీధిలో అయితే అర్ధరాత్రి కుక్కల కచేరీ, తెల్లారుజాము అయిదే నయం.