రెండు రంగుల చుక్కల మధ్య దూరం

"మా అమ్మ ఏనాడూ పొగ తాగలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరని బయాప్సీలో తేలింది. మళ్ళీ అదే ముక్కకు ఫిష్ పరీక్ష ఎందుకు?" అని గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఫిష్ అంటే కణంలోని జన్యువును రంగుల చుక్కలుగా వెలిగించి, మైక్రోస్కోపులో చూసే పరీక్ష. పొగాకు బోర్డు కార్యాలయం ఉన్న ఊరిలో ఈ జబ్బును పొగతోనే ముడిపెట్టడం సహజం. కానీ పొగ తాగనివారిలో వచ్చే ఎడినోకార్సినోమాలు (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్లు) కొన్నింటికి మూలం రెండో క్రోమోజోములో ఉంటుంది. దాని పొట్టి భుజం రెండు చోట్ల తెగి, మధ్య భాగం తలకిందులై అతుక్కోవడంతో, దాదాపు 1.2 కోట్ల బేస్ జతల ఎడంలో ఉన్న ఈఎంఎల్4, ఏఎల్‌కే జన్యువులు కలిసిపోతాయి. మామూలుగా అణగి ఉండే ఏఎల్‌కే ఎంజైము ఇక ఆగకుండా పనిచేస్తూ కణాన్ని విభజనకు పురిగొల్పుతుంది. జపాన్‌లో హిరోయుకి మానో బృందం 2007లో దీన్ని వెల్లడిస్తే, 2011కల్లా ఆ ఎంజైమును అడ్డుకునే క్రిజోటినిబ్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది! వైద్యచరిత్రలో ఇంత వేగం అరుదు.

ఫిష్‌లో ఏఎల్‌కే జన్యువు తెగే చోటుకు ఒక పక్క ఎర్రగా, మరో పక్క ఆకుపచ్చగా వెలిగే డీఎన్ఏ తునకలను అతికిస్తారు. జన్యువు తెగకపోతే, నీలంగా కనిపించే కేంద్రకంలో ఆ రెండూ ఆనుకుని ఉంటాయి, లేదా కలిసి పసుపుపచ్చగా కనిపిస్తాయి. తెగితే వాటి మధ్య కనీసం రెండు చుక్కల వెడల్పు ఖాళీ ఏర్పడుతుంది. ఆకుపచ్చ పోయి విడిగా ఎరుపు మిగిలినా పాజిటివే, ఎందుకంటే ఎంజైముగా పనిచేసే భాగం ఎరుపు వైపే ఉంటుంది.

అయితే ఒక్క కణంలో చుక్కలు విడిపోతే చాలదు. దానిమ్మకాయను పల్చటి చక్రాలుగా కోస్తే గింజలు తెగినట్టే, బయాప్సీ ముక్కను నాలుగైదు మైక్రాన్ల మందాన కోసినప్పుడు కేంద్రకాలు కూడా తెగి, ఒక చుక్క ఈ పొరలో, దాని జత పక్క పొరలో పడవచ్చు. అందుకే 50 క్యాన్సర్ కణాలు లెక్కపెట్టి, 25కు మించిన కణాల్లో జన్యువు తెగినట్టు కనిపిస్తే పాజిటివ్ అని, 5 కంటే తక్కువైతే నెగటివ్ అని అంటారు. నడుమ సంఖ్య వస్తే ఇంకొకరు మరో 50 కణాలు చూస్తారు. అప్పుడు పాజిటివ్ అనాలంటే, రెండు లెక్కలూ కలిపి అలాంటి కణాలు కనీసం 15 శాతం ఉండాలి.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందన్న భయంతో బయాప్సీకే ఒప్పుకోనివారు మన వైపు ఇంకా ఉన్నారు. ఊపిరితిత్తుల విషయంలో సూది దారిలో కణాలు పాకడం చాలా అరుదు. ముక్క లేకపోతే మాత్రం లెక్కపెట్టడానికి చుక్కలే ఉండవు. కనుక ఆ పాఠకురాలు ల్యాబును అడగవలసింది ఒకటే: బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకులో 50 కణాలకు సరిపడా కణితి ఇంకా మిగిలి ఉందా?